రెండు వారాలు ముందొచ్చిన గులాబీ

ఆ ఆదివారం ఉదయం ఎవ్గెన్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి చర్చి తలుపులు తీయాలి. ఏడున్నరకి మొదటి గంట కొట్టాలి. వలయం మీద ఒక్క కొవ్వొత్తి వెలిగించాలి. ఎనిమిదింటి పూజ అయ్యాక ఇంటికి పోయి, పెళ్లాం ఊరెళ్తూ ఫ్రిజ్‌లో పెట్టిన సేమ్యా సూపు వెచ్చబెట్టుకుని తాగాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనిపిస్తుంది ఎవరికైనా. ఎవ్గెన్‌కీ అలాగే అనిపించింది.

గోరిచ్కో కొండల్లో ఉన్న ఆ జెలెన్‌దోల్ ఊరి చర్చిలో ఇరవై ఆరేళ్లుగా గంటలు కొట్టేదీ, దీపాలు వెలిగించేదీ, ఫాదర్ గారికి పూజా వస్త్రాలు తీసిపెట్టేదీ అతనే. మనిషి ఒళ్లు దాచుకునే రకం కాదు. ఉన్నదల్లా ఒకటే లోపం, అతనికి రంగులు తెలియవు. ఎరుపూ ఆకుపచ్చా ఒకలాగే ఉంటాయి. ఊదా, గులాబీ రెండూ పొయ్యిలో బూడిదలాగే కనిపిస్తాయి. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఎవ్గెన్, రెండోవారు భార్య గిజెలా. పెళ్లయిన మొదటి వేసవిలో బుట్టెడు పచ్చి టమాటాలు కోసుకొచ్చి "బాగా పండాయి" అని గర్వంగా ముందు పెట్టినప్పుడే ఆవిడకి విషయం అర్థమైపోయింది.

చర్చి పనంటే సగం రంగుల పనే. పండుగలకి తెలుపు, మామూలు రోజులకి ఆకుపచ్చ, అమరవీరులకి ఎరుపు, క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాల ఆగమన కాలానికి ఊదా, అందులో మూడో ఆదివారం ఒక్కదానికి గులాబీ. ఎవ్గెన్ వీటిని సొరుగుల లెక్కన నేర్చుకున్నాడు. పైనుంచి నాలుగోది ఊదా, అట్టడుగుది గులాబీ. ఇక ఫర్ చెట్టు కొమ్మలతో అల్లిన వలయం మీద, వారానికొకటి చొప్పున వెలిగించే నాలుగు కొవ్వొత్తుల సంగతి గిజెలా చూసుకునేది. వంకాయలంత ముదురువి మూడు, లేతది ఒకటి కొనేది. "ముదురువి ఏదైనా వెలిగించుకో. లేతదాని జోలికి మాత్రం మూడో ఆదివారం దాకా పోకు" అని ఏటా చెప్పేది. అలా ఇరవై ఆరు క్రిస్మస్‌లు గట్టెక్కాయి.

అయితే ఈ ఏడాది ఎవ్గెన్ గుండెల మీద ఒక బరువుంది. రెండేళ్ల కిందట వచ్చిన ఫాదర్ బెర్నార్డ్ మూడు ఊళ్ల చర్చిలు చూసుకుంటున్నారు. జనవరి నుంచి మూడింటికీ కలిపి ఒక్క మనిషే చాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఆ ఒక్క మనిషి ఎవ్గెనో, పక్క ఊరి చర్చి పని చూసే వెండెల్ అనే అతనో క్రిస్మస్‌లోగా తేల్చి చెబుతానని ఫాదర్ గారు అన్నారు. వెండెల్‌కి నలభై ఏళ్లు. కారుంది. కంప్యూటర్ వచ్చు. అన్నిటికీ మించి, వెధవకి రంగులు తెలుసు. జేబులో ఆ తాళాల గుత్తి లేకపోతే తెల్లారి లేచి ఎటు పోవాలో ఎవ్గెన్‌కి తోచేది కాదు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అతనికి ఏడుపొచ్చేది.

సరిగ్గా ఈ సమయంలోనే మనవడికి జ్వరమని కూతురు ఫోన్ చేస్తే, గిజెలా వలయం అల్లేసి గురువారమే కూతురి ఊరు మారిబోర్ వెళ్లిపోయింది. కొవ్వొత్తులు కొనే పని ట్రెజికా అత్త మీద పడింది. ట్రెజికా అత్తకి డెబ్బై ఎనిమిది. పూజా వస్త్రాలు ఉతికి ఇస్త్రీ చేసేది ఆవిడే. చర్చిలో మొదటి వరస, నడవ పక్క సీటు ఆవిడది. ఆ సీట్లో ఇంకెవరైనా కూర్చుంటే దగ్గుతూనే ఉంటుంది, వాళ్లు లేచేదాకా.

ఆగమన కాలపు ఆ మొదటి ఆదివారం ఎవ్గెన్ ఏడింటికి తలుపు తీసి, దీపం వేసి, పూజా పీఠం ముందున్న వలయం చూశాడు. గడియారంలో పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది ఉన్నచోట్ల నాలుగు కొవ్వొత్తులున్నాయి. నాలుగూ ఒకే బూడిద. ముదురు లేదు, లేత లేదు. ముక్కు ఆనించి చూశాడు. కళ్లు చికిలించి చూశాడు. వాసన కూడా చూశాడు. పీఠం వెనక, వస్త్రాల గది గుమ్మంలో నిలబడి ఫోన్‌తో ఒక ఫొటో తీసి గిజెలాకి పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

"ఇవేంటే, నాలుగూ ఒకలాగే ఉన్నాయి?"

"అయ్యో దేవుడా, ట్రెజికా ఊదావి కూడా లేత రంగువే కొన్నదా! ముదురు రంగు చూస్తే దిగులుగా ఉంటుందని పోయినేడే గొణిగింది. ఉండు, కళ్లజోడు పెట్టుకోనీ. ఆఁ. ఎడమ పక్కది గులాబీ. దాన్ని ముట్టుకోకు. కుడి పక్కది వెలిగించు."

"కుడి పక్కదేగా?"

"కుడి పక్కదే. కుడి చెయ్యేదో తెలుసుగా, అదీ నేనే చెప్పాలా?"

ఎవ్గెన్‌కి కుడి చెయ్యేదో బాగా తెలుసు. తెలియనిదల్లా తను ఎటు నిలబడ్డాడన్నదే. ఫొటో తీసింది పీఠం వెనకనుంచి. దీపం వెలిగించేవాడు మాత్రం జనం వైపునుంచి వచ్చి, మోకాలు వంచి, పీఠానికి ఎదురుగా నిలబడి వెలిగించాలి. అది ఇరవై ఆరేళ్ల అలవాటు. అతను భక్తిగా చుట్టూ తిరిగి వచ్చి, మోకాలు వంచి, కుడి పక్క కొవ్వొత్తి వెలిగించి, గండం గడిచిందని నిట్టూర్చాడు. వస్త్రాల గదిలోకి పోయి నాలుగో సొరుగులోంచి ఊదా వస్త్రం తీసి బల్లమీద పరిచాడు.

ఏడూ ఇరవైకి ట్రెజికా అత్త వచ్చింది. జపమాల తీసింది. తలెత్తింది. మళ్లీ జపమాల లోపల పెట్టేసింది.

"ఒరే ఎవ్గెన్, గులాబీది వెలిగించావేంట్రా?"

ఆర్పేసి ఇంకోటి వెలిగిస్తే సరిపోయేది. అంతటితో కథ అయిపోయేది. కానీ ఆర్పితే, మరి మిగిలిన మూడింట్లో ఏదని ఆవిడ ఎదురుగా ఆలోచించుకుంటూ నిలబడాలి. ఇరవై ఆరేళ్ల గుట్టు ఆవిడ నోట్లో పడితే పదింటికల్లా వెండెల్ ఇంట్లో కాఫీతో పాటు వడ్డిస్తారు.

"ఫాదర్ గారే అలా చేయమన్నారు అత్తా" అనేశాడు.

"ఫాదర్ గారా? అంటే ఇవాళ మూడో ఆదివారమా?"

"అదేమో నాకు తెలీదు. చెప్పింది చేశా" అంటూ గంట కొట్టే నెపంతో చల్లగా జారుకున్నాడు.

ట్రెజికా అత్త కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుంది. రెండు ఆదివారాలు ఎక్కడ పోయాయో అంతు చిక్కలేదు. ఈమధ్య మాత్రలు మార్చారు కాబట్టి అవే మింగేసి ఉంటాయనుకుంది. తప్పు తనదేనని ఒప్పుకోవడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి, అదీ అనవసరంగా ఒప్పుకుంది. కొవ్వొత్తి గులాబీ అయితే వస్త్రమూ గులాబీయే కావాలిగా. ఆవిడ వస్త్రాల గదిలోకి వెళ్లి, బల్లమీదున్న ఊదాని "వీడికి మతిపోయింది" అని మళ్లీ సొరుగులో పెట్టి, అట్టడుగు సొరుగులోంచి గులాబీ వస్త్రం తీసి, ముడతలు సవరించి పరిచి వెళ్లిపోయింది. గంట కొట్టి వచ్చిన ఎవ్గెన్‌కి బల్లమీద పొద్దున పరిచిన వస్త్రమే ఉన్నట్టు కనిపించింది.

ఫాదర్ గారు రాగానే కాళ్ల మీద పడైనా నిజం చెప్పేయాలని ఎవ్గెన్ నిశ్చయించుకున్నాడు. ఫాదర్ బెర్నార్డ్ పక్క ఊరి పూజ ముగించుకుని, బూట్లకి మంచుతో, ఎనిమిదికి రెండు నిమిషాలుందనగా ఊడిపడ్డారు.

"అన్నీ సిద్ధమేనా ఎవ్గెన్ గారూ?"

"సిద్ధమే ఫాదర్, కానీ..."

"కానీలు పూజ అయ్యాక. ఇవాళ ప్రసంగం వలయం గురించి. వారమంతా కూర్చుని రాశాను, మరిచిపోతే కష్టం" అంటూ బల్లమీది వస్త్రం తలమీదుగా తొడుక్కుని గంట లాగారు.

మేడమీద ఆర్గన్ దగ్గర బ్లాజ్ కూర్చుని ఉన్నాడు. పీఠం కనిపించేలా అతనికో చిన్న అద్దం ఉంది. ఎదురుచూపుల కీర్తన, నింపాదిగా సాగేది, ముందు పెట్టుకున్నాడు. అద్దంలోకి చూస్తే గులాబీ కొవ్వొత్తి, దాని వెనక గులాబీ ఫాదర్. కంగారుగా కాగితాలు తిరగేసి, మూడో ఆదివారం పాడే ఆనంద కీర్తన ఎత్తుకున్నాడు. జనమూ అంతే. జేబుల్లో ఫోన్లున్నాయి, ఫోన్లలో తారీఖులున్నాయి. కానీ చర్చి ఒకటి చెబుతుంటే ఫోను మాట ఎవడు నమ్ముతాడు? వెనక తలుపు దగ్గర నిలబడే మగవాళ్ల గుంపులో మాత్రం ఒకడి మొహం పాలిపోయింది. అతను కోల్మన్, ఊరి అగ్నిమాపక దళం నాయకుడు.

జెలెన్‌దోల్‌లో గులాబీ కొవ్వొత్తి వెలిగిన రోజే ఊరి నడుమ క్రిస్మస్ చెట్టు నిలబెడతారు. నిలబెట్టాల్సింది అగ్నిమాపక దళం. పోయినేడు ఒక రోజు ఆలస్యంగా సోమవారం నిలబెట్టారని పక్క ఊరి దళం వాళ్లు వేసవిలో జరిగిన నీళ్ల పంపు పోటీల దాకా ఏడిపిస్తూనే ఉన్నారు. ఈసారి చెట్టు ఎవ్గెన్ పెరట్లోది. చర్చి గోడకి ఆనుకునే ఇల్లు. గిజెలా వచ్చాక, ఆవిడ చూస్తుండగా, తాడు కట్టి నెమ్మదిగా కొట్టుకోండని ఒప్పందం. కోల్మన్ టోపీ పెట్టుకుని బయటికి పరుగెత్తి, దళం కుర్రాళ్లకి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, లేవండ్రా! ఇవాళే మూడో ఆదివారం. రంపం తీసుకుని ఎవ్గెన్ ఇంటికి రండి."

"ఇంకా రెండు వారాలుంది కద బావా?"

"చర్చిలో ఫాదర్ గారు గులాబీ వేసుకుని నిలబడ్డారు. నీకు తెలుసా, ఆయనకి తెలుసా?"

లోపల ఫాదర్ బెర్నార్డ్ ప్రసంగం మొదలుపెట్టారు. చక్కగా మాట్లాడతారాయన. ఈ వలయానికి మొదలూ లేదు, చివరా లేదు, దేవుడి ప్రేమ కూడా అంతే అన్నారు. చలికాలంలో అడవి ఎండినా ఈ ఫర్ కొమ్మ పచ్చగానే ఉంటుంది, మన ఆశ అలా ఉండాలి అన్నారు. చీకటి పెరిగే కాలంలో వారానికొక దీపం చొప్పున వెలుగు పెంచుకుంటూ పోవడమే ఆగమనం అన్నారు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అంతదాకా బాగానే ఉంది.

"ఇవాళ మొదటి దీపం వెలిగించుకున్నాం" అని ఆయన చేయి చాపి కొవ్వొత్తిని చూపించారు. "దీని రంగు చూడండి. ఊదా! పశ్చాత్తాపానికీ, ఎదురుచూపుకీ గుర్తు. గులాబీ రంగు, అంటే ఆనందం, ఇంకా రెండు వారాల దూరంలో ఉంది. తొందరపడకూడదు. అందుకే నేనూ ఇవాళ ఊదా వస్త్రమే వేసుకున్నాను." అంటూ గుండెమీద చేయి వేసుకున్నారు.

చర్చి అంతా గుసగుసలు. వస్త్రం గురించి ఎవ్గెన్‌కి అనుమానం లేదు, నాలుగో సొరుగులోంచి తనే తీశాడు. కానీ వెలిగింది గులాబీదని ట్రెజికా అత్త మొహంమీదే చెప్పింది. ఫాదర్ గారు దాన్ని పట్టుకుని ఊదా ఊదా అంటున్నారంటే, నలుగురిలో తనని ఎత్తిపొడుస్తున్నారన్నమాట. తొందరపడకూడదు అన్నప్పుడు తన వైపే చూసినట్టు కూడా అనిపించింది. ఇక ఉద్యోగం మీద ఆశ వదులుకున్నాడు.

మొదటి వరసలో ట్రెజికా అత్త పక్కావిడ చెవిలో "కంటికి కనిపించేదాన్ని నమ్మొద్దని చెబుతున్నాడు. లోతైన మనిషి" అంది. పక్కావిడ కళ్లజోడు తుడిచి మళ్లీ చూసింది. "పరకాయించి చూస్తే ఊదాలాగే ఉందిలే" అంది. మూడో వరస దాకా ఆ మాట పాకింది. ఫాదర్ గారు అంత గట్టిగా చెప్పాక గులాబీ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. చదువుకున్నవాళ్లకైతే అసలే రాలేదు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల రంపం గీమంది. ఫాదర్ గారు గొంతు పెంచారు. రంపం కూడా పెంచింది. ఎవ్గెన్ ఆ చప్పుడు ఎక్కడిదా అని ఆలోచిస్తుండగానే చెట్టు విరుగుతున్న చప్పుడు, దాని వెంట ఫెళ్లున రేకుల చప్పుడు, దాని వెంట కోళ్ల గోల. ఆశీర్వాదం పూర్తికాకుండానే జనం తలుపు దగ్గరికి తోసుకున్నారు.

నలభై అడుగుల చెట్టు గిజెలా కోళ్లగూడు మీద నిండుగా పడుకుని ఉంది. పదకొండు కోళ్లు ప్రాణాలతో బయటపడి, నేరుగా చర్చి మెట్లెక్కి, లోపల వెచ్చగా ఉండటం చూసి నడవలోకి వచ్చేశాయి. కోల్మన్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవ్గెన్, గూడు మేం కట్టిస్తాంలే. కానీ టైముకి కొట్టేశామా లేదా? ఆ మాట చెప్పు."

"ఏ టైముకిరా?"

"మూడో ఆదివారం కదరా ఇవాళ!"

"మొదటిది!" అన్నారు గుమ్మంలోంచి ఫాదర్ గారు. "నేను అరగంట నుంచీ చెబుతున్నది అదేగా!"

"మరి తమరు..." అని కోల్మన్ ఆయన వస్త్రం వైపు వేలు చూపించబోయి, పెద్దమనిషికి వేలు చూపించడం బాగుండదని దించేసుకున్నాడు. ఫాదర్ గారు ఆ వేలును చూశారు, తన గుండెను చూసుకున్నారు, మొహం ఎలాగో అయిపోయింది.

"ఎవ్గెన్ గారూ, ఒకసారి లోపలికి రండి."

వస్త్రాల గదిలో ఎవ్గెన్ తాళాల గుత్తి తీసి బల్లమీద పెట్టాడు. ఇరవై ఆరేళ్లు మోసిన బరువు ఇనుముది కాదు మరి.

"ఫాదర్, మీరు అడక్కముందే చెప్పేస్తాను. నాకు రంగులు తెలియవు. పుట్టుకతోనే అంత. ఊదాకీ గులాబీకీ తేడా తెలియదు. కొవ్వొత్తి తప్పు వెలిగించాను, తప్పు మీమీదికి నెట్టాను. తాళాలు వెండెల్‌కి ఇచ్చేయండి. వాడు మంచివాడే. కళ్లు కూడా మంచివే."

ఫాదర్ బెర్నార్డ్ తలుపు దగ్గరగా వేశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అయితే ఎవ్గెన్ గారూ," అన్నారు చివరికి, బాగా గొంతు తగ్గించి, "ఇప్పుడు నా ఒంటిమీదున్నది ఏ రంగు?"

"ఊదా, ఫాదర్. నాలుగో సొరుగు."

"నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ బయట వాళ్ల మొహాలు చూశాక..."

తలుపు కాస్త తెరుచుకుని ట్రెజికా అత్త తల లోపలికి వచ్చింది. "ఆ గులాబీది విప్పి ఇస్తారా ఫాదర్? కోళ్లు తిరుగుతున్నాయి, మరక పడితే వదలదు. పొద్దున నేనే తీసి పరిచాను."

వస్త్రం తీసుకుని ఆవిడ వెళ్లిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తమరికి కూడానా?" అన్నాడు ఎవ్గెన్.

"చిన్నప్పటి నుంచీ. ఫాదర్ కావడానికి చదువుకునేటప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడికి వచ్చాక రెండేళ్లుగా మీరు బల్లమీద ఏది పెడితే అది వేసుకుని, నేను చెప్పకుండానే నా పరువు కాపాడుతున్నారని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను."

"మరి వెండెల్?"

"వెండెలా! అమ్మో! పూజకు ముందు ప్రతిసారీ 'ఇవాళ ఏది తీయమంటారు ఫాదర్, ఇదా అదా' అని రెండు చేతుల్లో రెండు పట్టుకుని నిలబడతాడు. వాడంటే నాకు భయం. మీరొక్కరే ఏదీ అడగరు. మీకే ఇద్దామని ఎప్పుడో నిశ్చయించుకున్నాను. క్రిస్మస్‌కి చెబుదామని ఆగాను, అంతే." ఆయన తాళాలు తీసి ఎవ్గెన్ చేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నారు. ఎవ్గెన్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. ఈసారి ఆపుకోలేదు.

మిగిలిన మూడు వారాలూ గిజెలా ఊళ్లోనే ఉంది. మనవడికి జ్వరం తగ్గింది, కోళ్లకి కొత్త గూడు వచ్చింది, రెండు వారాలు ముందే చెట్టు నిలబెట్టిన ఊరని జెలెన్‌దోల్‌ని పక్క ఊళ్లవాళ్లు కుళ్లుకుంటూ చూశారు. కోల్మన్ అదంతా తన ముందుచూపేనని చెప్పుకున్నాడు.

మరుసటి ఏడు నుంచి మూడు చర్చిల్లోనూ వలయం మీద నాలుగు కొవ్వొత్తులూ తెల్లవే పెడుతున్నారు. ఆ తెలుపులో దాగిన లోతైన అర్థం గురించి ఫాదర్ బెర్నార్డ్ నలభై నిమిషాలు ప్రసంగించారు. అందులో ప్రతి మాటా అర్థమైన మనిషి ఆ చర్చిలో ఎవ్గెన్ ఒక్కడే.